ఎదురు కుర్చీ: ఎవరికి బావ?

పోయిన వారం నన్ను ఎక్కడ వదిలేసి వెళ్ళారో గుర్తుందా? మా ఎడిటర్ గారి గది గుమ్మంలో. ఒక చెయ్యి వాచిన బుగ్గ మీద, ఇంకో చేతిలో నా జన్మలో రాసిన అన్నిటికన్నా పెద్ద వార్త. మీరేమో వారమంతా హాయిగా గడిపేశారు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను మహాప్రభో, కాళ్ళు పీక్కుపోతున్నాయి.

ఇవాళే మొదటిసారి చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మా ఊళ్ళో కుళాయి నీళ్ళు తాగి పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. నీళ్ళని పరీక్ష చేసే ల్యాబ్‌లో "ఇవి తాగడానికి పనికిరావు" అని తేల్చారు. అదే మాట మంత్రిగారి నోట్లోంచి బయటికొచ్చేసరికి "నీళ్ళు భేషుగ్గా ఉన్నాయి" అయిపోయింది. మధ్యలో మార్పించింది ఎవరు? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని నేను తిరగని గడప లేదు. చివరికి ఇద్దరు దొరికారు. ఒకరు ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి. తన ఆఫీసరు ఫోన్ పెట్టేసి "బావగారు చెప్పారు, మార్చెయ్" అనడం చెవులారా వింది. రెండోవారు మంత్రిగారు దిగే గెస్ట్ హౌస్‌లో వంటాయన. టీ ఇవ్వడానికి లోపలికి వెళ్తే మంత్రిగారు "నీళ్ళ సంగతి బావ చూసుకుంటాడులే" అనడం విన్నాడు. ఈ ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి తెలీదు. చెప్పింది మాత్రం ఒకటే మాట. బావ.

మంత్రిగారికి ఉన్నది ఒక్కగానొక్క అక్క. ఆవిడ భర్త పళ్ళ డాక్టరు, బజారు వెనక వీధిలో క్లినిక్. ఇంకేం కావాలి? "మంత్రి బావే సూత్రధారి" అని హెడ్డింగు కూడా నేనే పెట్టేశాను. పెట్టి, నాలో నేనే మురిసిపోయాను.

మాస్టారు నా కాగితాలు చదవడం ముగించి కళ్ళజోడు తీశారు. మా ఎడిటర్ గారిని ఆఫీసులో అందరం మాస్టారు అనే అంటాం. ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పిన మనిషి కాదు. ఎర్ర పెన్నుతో మా రాతలు దిద్ది దిద్ది ఆ పేరు తెచ్చుకున్నారు.

"బాగుంది చీమా," అన్నారు. చీమ అంటే నేనే. ఎక్కడ ఏం కుళ్ళినా ముందు నాకే వాసన తగులుతుందని ఆయన పెట్టిన పేరు. "చాలా బాగుంది. మరి కూర్చున్నావా?"

"లేదండీ, ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నా."

"నాతో వేళాకోళమా? ఎదురు కుర్చీలో కూర్చున్నావా అంటున్నాను."

నాకు తెలుసు ఆయన అడిగేది అదేనని. తప్పించుకుందామని చూశాను, కుదర్లేదు.

ఎదురు కుర్చీ అంటే మా పత్రికలో ఉన్న ఒక పద్ధతి. పద్ధతే కాదు, నిజంగా ఒక కుర్చీ కూడా ఉంది. మా హాలు మధ్యలో, రిపోర్టర్ల బల్లకి ఎదురుగా, నల్ల మెత్త వేసిన చెక్క కుర్చీ. దాన్లో మాలో ఎవ్వరం కూర్చోం. ఎవరి గురించి చెడ్డగా రాయబోతున్నామో వాళ్ళని ముందు పిలిచి దాన్లో కూర్చోబెట్టాలి. "మీ గురించి రేపు ఇలా వేస్తున్నాం, మీరేమంటారు?" అని మొహం మీదే అడగాలి. వాళ్ళు రాకపోతే మనమే వెళ్ళి వాళ్ళ ఎదురుగా కూర్చోవాలి. అది కాకుండా వార్త అచ్చుకి వెళ్ళదు.

ఈ కుర్చీ కథ మా ఊళ్ళో పత్రికల వాళ్ళందరికీ తెలుసు. మేమంతా చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు వంతెన కుంభకోణం అని ఒకటి జరిగింది. కట్టిన వంతెన ప్రారంభం కాకముందే పగుళ్ళిచ్చింది. పనికిరాని సిమెంటుకి ఊఁ కొట్టింది అప్పటి పెద్ద మంత్రి అని మాస్టారు పట్టుకున్నారు. అప్పుడాయన కుర్ర రిపోర్టరు. అన్నీ చేతిలో పెట్టుకుని కూడా, అడగకుండా వెయ్యనని మొండికేశారు. ఆ మంత్రి "పత్రికల వాళ్ళు నన్నేం చేస్తారు?" అన్న ధీమాతో తనే మా ఆఫీసుకి వచ్చాడు, ఎవరిదో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోపంలో నోరు జారాడు. "అవును, నేనే చెప్పాను, ఇప్పుడేంటి?" అన్నాడు. ఆ మాట ఉన్నదున్నట్టు అచ్చేశారు. పదవి ఊడింది.

దాంతో పత్రికల వాళ్ళకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. అంతకుముందు మంత్రిగారి ప్రసంగం రాసుకుని, ఇచ్చిన టీ తాగి వచ్చేవాళ్ళు కాస్తా, లేచి నిలబడి ప్రశ్నలు వెయ్యడం మొదలెట్టారు. నాలాంటి వాళ్ళందరం ఆ వంతెన మీదుగానే ఈ ఉద్యోగంలోకి వచ్చాం. కానీ ఇంకో సంగతి కూడా జరిగింది. అందరికన్నా ముందు వెయ్యాలన్న ఆత్రంలో వేరే పత్రికవాళ్ళు సిమెంటు కంట్రాక్టరు అని ఒకాయన ఫోటో వేసేశారు. అసలు కంట్రాక్టరుదీ ఆయనదీ ఇంటిపేరు ఒకటే, అంతే. ఆ పాపానికి ఆయన ఊళ్ళో తలెత్తుకోలేక సంసారం మొత్తం తీసుకుని ఎటో వెళ్ళిపోయాడు. వాళ్ళు మర్నాడు లోపలి పేజీలో, అగ్గిపెట్టె అంత చోట సవరణ వేశారు. అప్పుడే మాస్టారు ఆ పద్ధతి పెట్టారు. మా ఛైర్మన్ గారు, అంటే పత్రిక యజమాని, ముచ్చటపడి కొత్త కుర్చీ కొనిచ్చారు.

"పొద్దున్నుంచీ ఫోన్ చేస్తూనే ఉన్నానండీ. ఎత్తడం లేదు," అన్నాను.

"ఫోన్‌కి కాళ్ళుండవు. నీకున్నాయిగా?"

"ఇద్దరు చెప్పారండీ! ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్ళు!"

"అందుకే బాగుందన్నాను. ఛైర్మన్ గారికి కూడా పొద్దున్నే చెప్పాను, మొదటి పేజీలో మంత్రిగారి బావ ఉంటాడని. సంబరపడిపోయారు. పేజీ కట్టించి ఉంచుతాను. చీకటి పడేలోపు ఆయన ఎదురుగా కూర్చుని రా. ఆ బుగ్గేంటి, అలా ఉబ్బింది?"

"పన్నండీ."

"మంచిదేగా. ఎలాగూ పళ్ళ డాక్టరు దగ్గరికే వెళ్తున్నావు."

పళ్ళు కొరుక్కుందామంటే అదీ కుదరని పరిస్థితి నాది. పొద్దున మా ఆయన ఒక లవంగం బుగ్గన పెట్టి, "నువ్వు మాట్లాడకుండా ఉండటం ఇన్నాళ్ళకి చూశాను, ఈ పన్ను కలకాలం చల్లగా ఉండాలి" అని దీవించి పంపాడు. ఇంటికెళ్ళాక ఆయన సంగతి చూస్తాను.

క్లినిక్‌కి వెళ్ళేసరికి జనం పల్చబడ్డారు. బయట రెండు బెంచీలు, గోడకి పళ్ళు తోముకునే పద్ధతి చూపించే బొమ్మ. బల్ల దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని చీటీలు ఇస్తోంది. నేను నోరు తెరిచేలోపే నా బుగ్గ చూసి "అయ్యో అయ్యో, ఇంతదాకా ఎందుకు ఊరుకున్నారమ్మా, లోపలికి పదండి" అని భుజం పట్టుకుని నడిపించేసింది. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పనిస్తేగా.

లోపల గదిలో డాక్టరు గారు చేతులు కడుక్కుంటున్నారు. సన్నగా, పొడుగ్గా, కొంచెం వంగినట్టుండే మనిషి. చుట్టూ చూశాను. ఆ గదిలో కూర్చోవడానికి ఉన్నది ఒకటే కుర్చీ. ఏ కుర్చీయో మీకు చెప్పక్కర్లేదు. వెనక్కి వాలేది, పైన దీపం ఉండేది.

ఎక్కి కూర్చున్నాను. ఏం చెయ్యను?

"డాక్టరు గారూ, నేను పత్రిక నుంచి వచ్చాను," అన్నాను, ఆయన దీపం నా మొహం మీదికి లాగుతుంటే.

"పొద్దున్నుంచీ ఫోన్ చేస్తున్నది మీరేనా? చేతిలో మిషను ఉండగా నేను ఫోన్ ఎత్తనమ్మా. అవతలివాళ్ళ దవడ తెగుతుంది. నోరు తెరవండి."

"నేను వైద్యానికి రాలేదండీ."

"మీరు రాలేదేమో, మీ పన్ను వచ్చింది. చీము పట్టింది. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే జ్వరంతో మంచం ఎక్కుతారు."

ఒక్క క్షణం ఆలోచించాను. రేపు పొద్దున ఊరందరి ముందూ దోషిగా నిలబెట్టబోతున్న మనిషి చేతికి ఇవాళ సాయంత్రం నా దవడ అప్పజెప్పడమా? అది న్యాయమేనా? అసలు క్షేమమేనా? కానీ పంటినొప్పి వచ్చినవాళ్ళకి తెలుస్తుంది, ఆ నొప్పి ముందు ఏ నియమాలూ నిలబడవు. "అందరి దగ్గరా తీసుకున్నట్టే నా దగ్గరా ఫీజు తీసుకుంటానంటేనే," అని పట్టుబట్టాను. ఆయన నవ్వి సరేనన్నారు. చుర్రుమని సూది గుచ్చారు.

"ఇంక అడగండి. మత్తు పూర్తిగా పట్టేదాకా మాటలొస్తాయి. ఆ తర్వాత మీ పెదాలు మీవి కావు."

ఇలాంటి గడువు ఏ రిపోర్టరుకీ వచ్చి ఉండదు. గబగబా అడిగేశాను, డొంకతిరుగుడు లేకుండా. "ల్యాబ్‌లో నీళ్ళ ఫలితం మార్చమని చెప్పింది మీరేనని మాకు ఇద్దరు చెప్పారు. రేపు మీ పేరుతో వేస్తున్నాం. మీరేమంటారు?"

ఆయన చేతిలో ఉన్నది పళ్ళెంలో పెట్టేశారు. పక్కనున్న స్టూలు లాక్కుని నాకెదురుగా కూర్చున్నారు. మొహంలో రంగు మారింది. ఇప్పుడు అరుస్తారు, లేకపోతే నీళ్ళు నములుతారు, రెండిట్లో ఏదో ఒకటి జరుగుతుందని కాచుకుని చూస్తున్నాను. నా అనుభవంలో మూడోది ఎప్పుడూ జరగలేదు.

"నేను చెప్పానని అన్నారా? నా పేరు అన్నారా?"

"పేరు కాదండీ. బావ అన్నారు. మంత్రిగారు స్వయంగా, బావ చూసుకుంటాడులే అన్నారట."

ఆయన తలుపు వైపు తిరిగి గొంతెత్తారు. "ఇదిగో, విన్నావా? మీ తమ్ముడు నన్ను బావ అన్నాట్ట!"

బయట బల్ల దగ్గరున్న పెద్దావిడ పరుగున వచ్చింది. చీటీలు చేతిలోనే ఉన్నాయి. ఆవిడే మంత్రిగారి అక్కగారని అప్పుడర్థమైంది నాకు. "అన్నాడా? నిజంగా వాడు బావ అన్నాడా? ఎప్పుడమ్మా? ఎవరితో?" అని నా చెయ్యి పట్టేసుకుంది. ఆ కళ్ళలో వెలుగు చూసి నా ప్రశ్న మీద నాకే సిగ్గేసింది. నేను అడగొచ్చింది ఏమిటి, ఈవిడ విన్నది ఏమిటి.

డాక్టరు గారే నెమ్మదిగా విషయం చెప్పారు. వింటున్నకొద్దీ ఆవిడ మొహం వాడిపోయింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, తర్వాత తనే నవ్వేసింది.

"ఒక్క క్షణం సంతోషపడ్డానమ్మా, ఏమీ అనుకోకు. వాడు ఈయన్ని బావా అని పిలిచి ఎన్నేళ్ళయిందో! ఏదో కేసులో కోర్టుకి వెళ్ళకుండా తప్పించుకోవడానికి, దవడకి ఆపరేషన్ అయిందని సర్టిఫికెట్ రాసివ్వమన్నాడు. ఈయన ఇవ్వనన్నారు. చూడని దవడకి నేను సంతకం పెట్టను అన్నారు. అంతే. ఆ రోజునుంచీ మా గడప తొక్కలేదు. ఎక్కడైనా ఎదురుపడితే 'ఏం డాక్టరూ' అంటాడు. డాక్టరూ అట! చిన్నప్పుడు ఈయన భుజాలెక్కి తిరిగినవాడు."

"మీరు నా మాట నమ్మక్కర్లేదు," అన్నారు డాక్టరు గారు. "నేరం చేసినవాడైనా ఇలాగే అంటాడు. మీకు చెప్పినవాళ్ళనే ఇంకోసారి అడగండి. బావ అంటే ఎవరని వాళ్ళని అడిగారా?"

అడిగానా?

అప్పటికే నా కింది పెదవి ఎక్కడుందో నాకు తెలియకుండా పోయింది. బుర్ర మాత్రం చక్కగా పనిచేసింది, ఖర్మ. ల్యాబ్ అమ్మాయితో మాట్లాడిన రోజు మొత్తం కళ్ళ ముందు తిరిగింది. ఆ పిల్ల "బావగారు చెప్పారు" అంది. నేను "మంత్రిగారి బావేనా?" అన్నాను. ఆ పిల్ల "ఊఁ" అంది. అంతే కదా జరిగింది! బావ అన్నది వాళ్ళ మాట. పళ్ళ డాక్టరు అన్నది నా మాట. మాస్టారు ఏ బళ్ళోనూ మాస్టారు కాదు. నేను చీమని కాదు. మరి బావ మాత్రం నిజంగా బావే అయి తీరాలని నాకెలా అనిపించింది? మన ఊళ్ళో టీకొట్టు దగ్గర నిలబడి ఏం బావా అంటే పదిమంది వెనక్కి తిరుగుతారు.

అక్కడే, ఆ కుర్చీలోనే వాలి ల్యాబ్ అమ్మాయికి ఫోన్ చేశాను. నా మాట ఆ పిల్లకి అర్థంకాక మొదట పెట్టేసింది, ఎవడో తాగి చేశాడనుకుని. రెండోసారి ఎలాగో నేనేనని నమ్మించాను. వాచిన బుగ్గకి ఆనించలేక ఫోన్ స్పీకర్‌లో పెట్టాను, కానీ ఆమె ఎవరన్నది అక్కడ ఎవరికీ తెలియనివ్వలేదు. డాక్టరు గారు కూడా మర్యాద తెలిసిన మనిషి, భార్యని తీసుకుని బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశారు.

"పళ్ళ డాక్టరా? ఆయనెవరో నాకు తెలీదండీ," అంది ఆ పిల్ల. "మా ఆఫీసర్లందరూ ఆయన్ని బావగారూ బావగారూ అంటారు. అసలు పేరు ఎవరూ చెప్పరు. పెద్ద కారులో వస్తారు. ఆయన వచ్చారంటే గొంతు గేటు దాకా వినిపిస్తుంది."

"మరి మంత్రిగారి బావేనా అంటే ఊఁ అన్నావు కదమ్మా?" ఈ మాట అనడానికి నేను పడ్డ తంటాలు దేవుడికే తెలియాలి.

"మీరే కదండీ మంత్రిగారి బావ అన్నారు. పత్రికవాళ్ళు కదా, మీకు తెలిసే ఉంటుంది అనుకున్నాను."

నాలుక కరుచుకుందామంటే అది కూడా మొద్దుబారిపోయింది. ఆ పిల్ల తప్పేం లేదు. నేను ఆ పిల్ల నోట్లో మాట పెట్టి, మళ్ళీ అదే మాటని తీసుకొచ్చి సాక్ష్యం అనుకున్నాను. ఇలాంటి తప్పు బయటివాళ్ళెవరూ చెయ్యలేరు. వరసలు పెట్టి పిలుచుకునే మనకే చేతనవుతుంది.

డాక్టరు గారు తిరిగి వచ్చి నా పన్ను సంగతి చూశారు. చీము తీసేసి, మందు పెట్టి, "ఇప్పుడు రాయండి ఏం రాస్తారో" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. గుమ్మం దగ్గర అక్కగారు మందుల చీటీ నా చేతిలో పెడుతూ, "ఎవర్ని బావ అంటున్నాడో తెలిస్తే నాక్కూడా చెప్పమ్మా. హాస్టల్‌లో చదువుకునేటప్పుడు ఒక స్నేహితుడుండేవాడు, ఇద్దరూ ఒకర్నొకరు బావా బావా అనుకునేవాళ్ళు. వాడి పేరు కూడా మాకెప్పుడూ తెలీదు," అంది.

ఆటోలో కూర్చున్నాక ఒక చిత్రం జరిగింది. ఇంత పెద్ద వార్త చేతిలోంచి జారిపోయినదానికి ఏడుపు రావాలి కదా, నవ్వొచ్చింది. హాయిగా, మనస్ఫూర్తిగా నవ్వుకున్నాను. నొప్పి పోయింది, అదొకటి. తలుపు దగ్గర నిలబడి నాకు చెయ్యి ఊపిన ఆ ఇద్దరూ రేపు పొద్దున పేపరు తీసి ఎప్పట్లాగే కాఫీ తాగుతారు, అది ఇంకొకటి. సగం మొహం కదలక నా నవ్వు ఎలా ఉందో, ఆటో అబ్బాయి అద్దంలో చూసి జడుసుకున్నాడు.

ఆఫీసులో పేజీ కట్టేసి సిద్ధంగా ఉంది. హాల్లోకి అడుగుపెడుతూనే అరిచాను, "హావ కాలు! హావ కాలు!" అని.

డెస్కులో కూర్చున్నాయన కంగారుగా లేచాడు. "ఎవరి కాలు? ఏమైంది?"

"హావ కాలండీ! హావ!"

మాస్టారు గదిలోంచి బయటికొచ్చి నా మొహం చూశారు, నా చేతిలో మందుల చీటీ చూశారు. "బావ కాదు అంటోంది," అన్నారు తాపీగా. "పేజీ విప్పండి."

ఆయన ఎందుకు, ఏమిటి అని ముందు అడగలేదు. అది నేను జన్మలో మర్చిపోను. పేజీ విప్పించి, అప్పుడు నా చేతికి తెల్లకాగితం ఇచ్చి జరిగిందంతా రాయమన్నారు. చదివి ఎర్ర పెన్ను తీశారు. "మంత్రి బావే సూత్రధారి" మీద అడ్డంగా ఒక గీత కొట్టారు.

"మనకి తెలిసిందేమిటి? ల్యాబ్ ఒకటి చెప్పింది, మంత్రిగారు ఇంకోటి చెప్పారు. నీళ్ళు మంచివి కావు. ఇంతవరకూ మనకి అనుమానం లేదు కదా? మంత్రిగారిని దీని మీద నిన్ననే అడిగావు, నవ్వి ఊరుకున్నారు. అదీ వేద్దాం. ఎవరు మార్పించారన్నది ఇంకా తేలలేదని కూడా వేద్దాం. తేలలేదని చెప్పడానికి సిగ్గేం లేదు." కొత్త హెడ్డింగు రాశారు: "ఈ నీళ్ళు తాగకండి." నా హెడ్డింగు కన్నా పొట్టిగా ఉంది. ధైర్యం కూడా దానిదే ఎక్కువ. చూడగానే కడుపు నిండినట్టయింది నాకు.

"కోపం వచ్చిందా?" అన్నారు మాస్టారు.

తల అడ్డంగా ఊపాను. నిజంగా రాలేదు.

అప్పుడొచ్చారు ఛైర్మన్ గారు. ఆయన వస్తున్నారని మెట్ల మీద ఉండగానే తెలిసిపోతుంది. చెవులు కాస్త మందం, అందుకని గొంతు పెద్దది. ఫోన్ కూడా అంతే, అవతలివాళ్ళ మాటలు హాలంతా వినాల్సిందే. మంచి మనిషని మా అందరి నమ్మకం. వంతెన రోజుల్లో పత్రిక మూయిస్తామని బెదిరించినా జంకని మనిషి. పత్రిక కాకుండా ఆయనకి ఇంకా ఏవేవో కంపెనీలు ఉన్నాయి. ప్లాస్టిక్ డబ్బాలని, గోడౌన్లని, ఈమధ్య ఊరి నీళ్ళ ట్యాంకులకి బిగించే ఫిల్టర్లని. వాటి సంగతులు మేమెప్పుడూ పట్టించుకోలేదు. ఎందుకు పట్టించుకుంటాం?

"ఏదయ్యా మొదటి పేజీ?" అంటూ వచ్చి విప్పిన పేజీ చూశారు. నవ్వు మాయమైంది. "ఇదేంటి? ఆ డాక్టరు ఏడీ?"

"ఆయన కాదండీ," అన్నారు మాస్టారు.

"కాదంటే? ఇద్దరు చెప్పారన్నావు కదా పొద్దున? వెయ్యండి, గట్టిగా వెయ్యండి! మంత్రి చుట్టమని భయపడతామా? వంతెన కేసులో భయపడ్డామా మనం?"

"లేదండీ. అప్పుడు అడిగి వేశాం."

ఛైర్మన్ గారు ఇంకేదో అనబోయారు. ఇంతలో జేబులో ఫోన్ మోగింది. తీసి చెవి దగ్గర పెట్టుకునేలోపే అవతలినుంచి ఒక నవ్వు హాల్లోకి దూకింది. స్టార్టవ్వని స్కూటరుని తొక్కుతున్నట్టు ఆగి ఆగి వచ్చే నవ్వు. మాకందరికీ తెలిసిన నవ్వే అది. సభల్లో మైకులోంచి విన్నదే, ఖాళీ దొరికితే మేం అనుకరించి ఒకర్నొకరు నవ్వించుకునేదే. నిన్న నేను నీళ్ళ గురించి అడిగినప్పుడు మంత్రిగారు నా మొహం మీద నవ్విన నవ్వు.

ఛైర్మన్ గారు మా వైపు వీపు తిప్పి, ఎప్పట్లాగే గట్టిగా అన్నారు.

"ఆఁ, చెప్పు బావా."

డెస్కులో ఆయన పెన్ను కింద పడేసుకున్నాడు. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన ఎంతో ఇష్టపడే మనిషి ఛైర్మన్ గారు. అంతటి కష్టకాలంలో పక్కన నిలబడ్డ మనిషి. మాస్టారి మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది, నాకు బాధనిపించింది. కానీ ఆయన ఆగలేదు. నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి, నల్ల మెత్త వేసిన ఆ చెక్క కుర్చీని రెండు చేతులా పట్టుకుని ఛైర్మన్ గారి వైపు తిప్పారు.

"ఫోన్ అయ్యాక ఒక్కసారి కూర్చోండి సార్."

ఛైర్మన్ గారు తిరిగి చూశారు. కుర్చీని చూశారు, మాస్టారిని చూశారు, నన్ను చూశారు. తను కొనిచ్చిన కుర్చీ తనకి తెలీకుండా ఎలా ఉంటుంది? దాన్లో ఎవరు కూర్చుంటారో కూడా తెలుసు. ఫోన్ చెవి దగ్గర్నుంచి కిందికి దిగింది. దాంట్లోంచి నవ్వు ఇంకా వస్తూనే ఉంది.

నేను కాగితం తీసుకుని ఎదురుగా కూర్చున్నాను. మత్తు దిగుతున్నట్టుంది, పెదాలు మళ్ళీ నా మాట వింటున్నాయి. ఈసారి ఎవరి నోట్లోనూ మాట పెట్టదల్చుకోలేదు.

"సార్," అన్నాను, "మిమ్మల్ని బావా అని పిలిచేది ఎవరు?"